‘పొరబడి చంపాడు’ అనే మాట వెనకాల

2017 ఫిబ్రవరి 22. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, ఓలేత్ అనే ఊరు. ఆఫీసు అయ్యాక ఇద్దరు తెలుగు ఇంజనీర్లు అలవాటైన బార్‌కి వెళ్లి ఆరుబయట బల్ల దగ్గర కూర్చున్నారు. ఒక తెల్లాయన వాళ్ల దగ్గరికొచ్చి మీది ఏ దేశం, ఏ వీసా మీద వచ్చారు అని నిలదీయడం మొదలుపెట్టాడు. బూతులు తిట్టాడు. అతణ్ని బయటికి పంపించేశారు. కాసేపటికి తుపాకీతో తిరిగొచ్చాడు. ‘నా దేశంలోంచి పొండి’ అని అరుస్తూ కాల్చాడు. ఒకరు చనిపోయారు, రెండో ఆయన గాయాలతో బయటపడ్డాడు, వెంటపడి పట్టుకోబోయిన ఒక అమెరికన్‌కీ తూటా తగిలింది. ఆ రాత్రే పక్క రాష్ట్రంలో ఇంకో బార్‌లో కూర్చుని హంతకుడు చెప్పిన మాట: ఇద్దరు ఇరానియన్లను కాల్చి వచ్చాను.

చనిపోయినాయన పేరు తెలుగు ఇళ్లలో ఎవరూ మరిచిపోలేదు. ఆయన ఇరానియనూ కాదు, ముస్లిమూ కాదు. అందుకే ఆ తర్వాత చాన్నాళ్లు మనవాళ్ల నోట ఒకటే మాట: ‘పాపం, పొరబడి చంపాడు’. నేనూ అన్నాను. అన్న కొన్నాళ్లకు ఆ మాట ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. పొరబడ్డాడు అంటే సరైనది ఇంకోటి ఉన్నట్టే కదా. నంబరు చూసుకోకుండా బస్సెక్కితే పొరబాటు అంటాం, ఎందుకంటే ఎక్కాల్సిన బస్సు వేరే ఉంది. మరి ఆ రాత్రి ఆ బల్ల దగ్గర నిజంగానే ఇద్దరు ఇరానియన్లు కూర్చుని ఉంటే?

పరాయి దేశంలో మైనారిటీ మతస్తుల కష్టాలు చెప్పేటప్పుడు జాతి ఒక ఖాతాలో, మతం ఇంకో ఖాతాలో వేసి రాయడం అందరికీ అలవాటు. రెండూ వేరువేరు దారుల్లో నడుస్తూ ఎక్కడో ఒక కూడలిలో కలుస్తాయన్నట్టు. పాత కేసులు, జనగణన పత్రాలు తిరగేస్తుంటే నాకు అలా అనిపించలేదు. వలస వచ్చినవాడి మతాన్ని చూసేవాడు వాడి ఒంటి మీదే చదువుతాడు. రంగు, గడ్డం, తలపాగా, పేరు, యాస అన్నీ కలిపి ఒకే ముద్ద. ఆ ముద్దకి పేరు పెట్టాక, లోపలి మనిషి ఏ దేవుడికి దణ్ణం పెడతాడో, అసలు పెడతాడో లేదో ఆ కంటికి అనవసరం.

మాటలోనే ఉంది చిక్కు

ఇంగ్లీషులో ‘రేస్’ అనేదానికి మనం ‘జాతి’ అంటున్నాం. కానీ మన జాతి ఎన్ని పనులు చేస్తుందో చూడండి. గాంధీ జాతిపిత. మంచి పశువు జాతి పశువు. కోపంలో ఎవర్నో ‘జాతి తక్కువ’ అని తిడితే అది కులం. ఒకే మాట దేశం, వంశం, కులం మూడింటి మధ్యా తిరుగుతూ ఉంటుంది. ఈ వ్యాసంలో జాతి అన్నప్పుడల్లా ఒంటి లక్షణాలను బట్టి మనుషులను పుట్టుకతో వేరు చేసి, మెట్ల వరసలో నిలబెట్టే పద్ధతి అనే అర్థంలోనే వాడుతున్నాను. జీవశాస్త్రంలో దానికి ఆధారం లేదు. సమాజంలో మాత్రం దాని బలం తక్కువేం కాదు.

మతం పేరు, మనుషుల పేరు కలగలిసిపోవడం కొత్త సంగతి కూడా కాదు. ‘తురక’ అంటే మొదట్లో తురుష్కుడు, అంటే టర్కు. అది ఒక జనం పేరు. తర్వాత తెలుగులో ముస్లిం ఎవరైనా తురకే అయిపోయాడు, వాడి తాతముత్తాతలు టర్కీ మొహం చూడకపోయినా సరే. ఇవాళ ఆ మాట వినేవాళ్లకు ఎలా గుచ్చుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. ‘హిందూ’ కథ దీనికి తిరగేసి రాసినట్టు ఉంటుంది. సింధు నది పేరు నుంచి పుట్టి, నదికి ఇవతలి మనుషుల పేరై, చివరికి మతం పేరుగా స్థిరపడింది. అమెరికా వెళ్లేసరికి ఆ పేరు ఇంకో మలుపు తిరిగింది.

తలపాగా కట్టిన ‘హిందూ’

1900 దాటాక పంజాబ్ నుంచి కొన్ని వేలమంది మగవాళ్లు అమెరికా పడమటి తీరానికి చేరారు. కలప మిల్లుల్లో, రైలు పట్టాల మీద, కాలిఫోర్నియా పొలాల్లో పని. అత్యధికులు సిక్కులు, కొందరు ముస్లింలు, హిందువులు బాగా తక్కువ. అక్కడి పత్రికలు, అధికారులు, పొరుగువాళ్లు వాళ్లందరికీ పెట్టిన పేరు ఒకటే: హిందూ. ఇండియన్ అందామంటే ఆ దేశంలో ఆ పేరుతో అప్పటికే ఆదివాసులున్నారు.

1907 సెప్టెంబర్ 4 రాత్రి వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో వందలాది తెల్ల కార్మికులు గుంపు కట్టి, మిల్లుల్లో పనిచేసే ఈ ‘హిందువుల’ బసల మీద పడ్డారు. మనుషుల్ని బయటికి ఈడ్చారు, సామాన్లు వీధిలోకి విసిరారు, చాలామందిని తీసుకెళ్లి సిటీ హాలు కింది అంతస్తులో పెట్టారు. కొద్ది రోజుల్లోనే దాదాపు అందరూ ఊరొదిలేశారు. తక్కువ కూలికి పనిచేసి మా పొట్ట కొడుతున్నారన్నది గుంపు ఫిర్యాదు. కానీ ఆ రోజుల్లో అక్కడి పత్రికల్లో తలపాగాల గురించిన రాతలకూ కొదవ లేదు. డబ్బు గొడవకి మొహం కావాలి. ఆ మొహాన్ని తలగుడ్డ ఇచ్చింది. ఆ తలగుడ్డ కట్టినవాళ్లలో హిందువు దాదాపు లేనట్టే అన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఈ ‘హిందూ’ అనేది కొన్నాళ్లకు సర్కారు కాగితం కూడా ఎక్కింది. 1920, 1930, 1940 జనగణనల్లో ‘రంగు లేదా జాతి’ అనే గడిలో నమోదయ్యే పేర్లలో హిందూ ఒకటి. ఊహించుకోండి: 1930లో కాలిఫోర్నియాలో ఏదో పొలం గట్టు మీద గణకుడు నిలబడి ఉంటాడు. ఎదురుగా జలంధర్ వైపు నుంచి వచ్చిన ముస్లిం కౌలు రైతు. గణకుడు తెల్లవాడికి ‘డబ్ల్యూ’ అని రాస్తాడు. ఈ మనిషికి మూడక్షరాలు: ‘హిన్’. అయిదు పూటలా నమాజు చేసే మనిషి జాతి హిందూ! నవ్వొచ్చే సంగతే గానీ, ఆ మూడక్షరాల వెనకున్న జాతి లెక్కను బట్టే భూమి కొనొచ్చా, పౌరసత్వం అడగొచ్చా అనేవి తేలేవి.

అమృత్‌సర్‌లో పుట్టిన ‘అగ్రకుల హిందువు’

భగత్ సింగ్ థిండ్ కేసు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఈ చిక్కుముడిలోని పోగులన్నీ ఒకేచోట దొరికేది అక్కడే.

థిండ్ సిక్కు. 1913లో అమెరికా వెళ్లాడు, ఆరెగన్‌లో కలప మిల్లుల్లో పనిచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరాడు, తలపాగాతోనే. 1918 డిసెంబర్‌లో సైనిక దుస్తుల్లో నిలబడి పౌరసత్వం పుచ్చుకున్నాడు. నాలుగు రోజుల్లో వెనక్కి లాక్కున్నారు. మళ్లీ దరఖాస్తు పెట్టాడు, 1920లో ఇంకో కోర్టు ఇచ్చింది, ప్రభుత్వం ఒప్పుకోకుండా పైకి వెళ్లింది. (తలపాగా గురించి ఒక మాట. 1918లో అడ్డు చెప్పని అమెరికా సైన్యం 1981లో తలపాగాను నిషేధించింది. మళ్లీ పూర్తిగా దారి తెరిచింది 2017లో. కాలం ఎప్పుడూ ముందుకే నడుస్తుందనుకునేవాళ్లు గమనించాలి.)

అప్పటి చట్టం 1790 నాటిది. పౌరసత్వం ‘స్వతంత్రులైన తెల్లవారికే’ అంది. అంతర్యుద్ధం తర్వాత 1870లో ఆఫ్రికా మూలాలవారిని కలిపారు. మధ్యలో మిగిలినవాళ్లంతా తాము తెల్లవాళ్లమని రుజువు చేసుకోవాలి. 1922 నవంబర్‌లో టకావో ఓజావా అనే జపాన్ ఆయన సుప్రీంకోర్టులో నా ఒళ్లు తెలుపే కదా అన్నాడు. చర్మం రంగు కాదు, తెలుపంటే కాకేసియన్ జాతి (యూరప్ వాళ్లను కలిపి అప్పటి మానవశాస్త్రం గీసిన పెద్ద విభాగం) అని జడ్జి జార్జ్ సదర్లాండ్ తీర్పు రాశాడు. థిండ్ వైపు లాయర్లకు ఇది వరంలా తోచి ఉండాలి. పంజాబీలు ఆర్యులు, ఆర్యులు కాకేసియన్లు అని అప్పటి మానవశాస్త్రమే చెబుతోంది. ఇంకేం, లెక్క సరిపోయింది.

మూడు నెలలు దాటాయో లేదో. 1923 ఫిబ్రవరి 19న అదే సదర్లాండ్, అదే కోర్టు. ఈసారి శాస్త్రం అక్కర్లేదన్నారు. తెల్లవాడంటే ఎవరో సామాన్యుడి వాడుకలో అందరికీ తెలుసు, థిండ్ అందులోకి రాడు, అంతే. జడ్జిలందరూ ఏకగ్రీవం.

కోర్టు ముందు పెట్టిన ప్రశ్నను ఒకసారి చూడండి: భారతదేశంలో, పంజాబ్‌లో, అమృత్‌సర్‌లో పుట్టిన, పూర్తి భారతీయ రక్తం గల అగ్రకుల హిందువు తెల్లవాడేనా? అడుగుతున్నది సిక్కు గురించి. ఆయన పుట్టిన ప్రాంతమే సిక్కుల పవిత్ర క్షేత్రం. అయినా కాగితం మీద ఆయన హిందూ, అందులోనూ అగ్రకులం. మతం, కులం, రక్తం, ఊరు నాలుగూ కలిపి ఒక్క వాక్యంలో ఒక జాతిని తయారు చేశారు. తీర్పులో ఇంకోచోట ఇలాంటి వాదన ఉంది: యూరప్ నుంచి వచ్చినవాళ్ల పిల్లలు ఇట్టే జనంలో కలిసిపోతారు, ఇక్కడ హిందూ తల్లిదండ్రులకు పుట్టిన పిల్లల్లో మాత్రం వాళ్ల పుట్టుక గుర్తులు ఎప్పటికీ స్పష్టంగా కనిపిస్తూనే ఉంటాయి. మతం పేరు అనుకున్నది తీర్పులో రక్తంలో పారే వస్తువైంది. తల్లి నుంచి బిడ్డకి ముక్కూ కళ్లూ వచ్చినట్టు హిందూతనం వస్తుందన్నమాట.

ఇందులో మనవాళ్లు చెప్పుకోవడానికి ఇష్టపడని భాగం ఒకటుంది. థిండ్ తరఫు వాదన జాతి మెట్లను కాదనలేదు. పై మెట్టు మీద నాకూ చోటు ఇవ్వండి అంది. అగ్రకులస్తులు భారతదేశపు ఆదివాసులను చూసే చూపు, అమెరికా తెల్లవాడు నల్లవాణ్ని చూసే చూపు ఒకటే, కాబట్టి మనం మనం ఒకటి అన్న ధోరణిలో సాగింది ఆ వాదన. కుల గర్వాన్ని జాతి టికెట్టుగా మార్చుకోవాలని చూశారు. చెల్లలేదు. ఆ గర్వం మాత్రం సముద్రం దాటి అక్కడే కాపురం పెట్టింది. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో కాలిఫోర్నియాలో అలాంటి బిల్లును గవర్నర్ వీటో చేశాడు. ఈ రెండు సందర్భాల్లోనూ మనవాళ్లు ఇటూ అటూ నిలబడి కొట్లాడుకున్నారు. ఇది మతానికి సంబంధించిందా, జాతికి సంబంధించిందా అని అమెరికన్ చట్టసభల్లో తల పట్టుకోవడం చూస్తే థిండ్ కేసు గుర్తుకు రాకమానదు.

తీర్పు తర్వాత డజన్ల కొద్దీ భారతీయుల పౌరసత్వాలు రద్దయ్యాయి. వాళ్లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపిన వైష్ణో దాస్ బగాయ్ ఒకడు. పౌరసత్వం పోయేసరికి కాలిఫోర్నియా చట్టాల కింద ఆస్తి హక్కు కూడా పోయింది. అటు బ్రిటిష్ పాలనను కాదనుకుని వచ్చాడు, ఇటు ఈ దేశం కాదంది. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. బంగారు పంజరంలో బతకడం బతుకేనా అని రాసిపెట్టిన ఉత్తరం అక్కడి పత్రికలో అచ్చయింది. థిండ్‌కు చివరికి 1936లో పౌరసత్వం దక్కింది, మాజీ సైనికుల కోసం తెచ్చిన వేరే చట్టం పుణ్యమా అని. భారతీయులందరికీ ఆ దారి తెరుచుకున్నది 1946లో. అప్పుడు కూడా కొత్తగా వలస వెళ్లడానికి దేశం మొత్తానికి ఏడాదికి వందమందికే చోటు.

మతమే పాస్‌పోర్టు అయినప్పుడు

థిండ్‌కి మతం అడ్డు గోడైతే, సిరియా నుంచి వచ్చినవాళ్లకు అది నిచ్చెనైంది. ఇప్పటి సిరియా, లెబనాన్ ప్రాంతాల నుంచి అప్పట్లో వెళ్లినవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు. 1913లో దక్షిణ కరోలినాలో ఒక జడ్జి అలాంటి ఒకాయన ఒంటి రంగు చూసి కుదరదన్నాడు. 1915లో జార్జ్ డావ్ కేసులో పై కోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, సిరియన్లు తెల్లవాళ్లే అంది. ఆ కాలపు వాదోపవాదాల్లో పదేపదే వినిపించిన మాట ఒకటి: క్రీస్తు పుట్టిన నేల మనుషుల్ని తెల్లవాళ్లు కాదంటే, మరి క్రీస్తు ఎవరు? చట్టం దృష్టిలో ఇది వాదనే కాదు. వినేవాళ్ల మనసులో మాత్రం అంతకుమించిన వాదన లేదు.

1942లో అహ్మద్ హసన్ వచ్చాడు. యెమెన్ అరబ్బు, ముస్లిం, మిషిగన్ కోర్టు. సిరియన్ అరబ్బు తెల్లవాడైతే యెమెన్ అరబ్బు కూడా కావాలి. జడ్జి ఒప్పుకోలేదు. రంగు ముదురు గోధుమ అన్నాడు, దాంతో ఆగలేదు. మహమ్మదీయ ప్రపంచానికీ క్రైస్తవ యూరప్‌కీ మధ్య పెద్ద అగాధం ఉంది, వీళ్లు మనవాళ్లతో పెళ్లిళ్లు చేసుకుని కలిసిపోతారని అనుకోలేం అని రాశాడు. రెండేళ్లు కూడా గడవలేదు. 1944లో మసాచుసెట్స్‌లో మొహ్రీజ్ అనే ఇంకో అరబ్బు ముస్లిం. అక్కడి జడ్జి వైజాన్‌స్కీ మాత్రం అరబ్బుల ద్వారానే గ్రీకు విజ్ఞానం యూరప్‌కు చేరింది కదా అని గుర్తుచేసి, తెల్లవాడే పొమ్మన్నాడు. ప్రపంచ శక్తిగా అమెరికా ప్రయోజనాల గురించి కూడా ఆ తీర్పులో ఒక మాటుంది. ఈ కొద్దికాలంలో అరబ్బుల ముఖాలు మారలేదు, అమెరికా అవసరం మారింది.

అంతకుముందు ఐర్లాండ్ కాథలిక్కులు, తూర్పు యూరప్ యూదులు కూడా ఇలాగే ‘వేరే జాతి’ అనిపించుకున్నవాళ్లే. ఒకటి రెండు తరాల్లో వాళ్లను తెలుపు తనలో కలిపేసుకుంది. ఆ కథ చాలామందికి తెలిసిందే, దాన్ని ఇక్కడ సాగదీయను. ఒక్కటి మాత్రం చెప్పాలి: ఆ దారి అందరికీ అదే వేగంతో తెరుచుకుంటుందని చెప్పడానికి ఆ కథను వాడుకుంటుంటారు. తలపాగా తీసేసినా రంగు మిగిలేవాడికి ఆ దారి వేరు.

మతాన్ని మాత్రమే విడదీసి చూస్తే

ఇక్కడ ఒక న్యాయమైన అనుమానం వస్తుంది. అసలు ఇదంతా రంగు వివక్షే అయి, మతం పైపై ముసుగేమో? రెండింటినీ విడదీసి కొలవడం ఎలా?

ఫ్రాన్స్‌లో కొందరు పరిశోధకులు దీనికి మంచి ఉపాయం కనిపెట్టారు. సెనెగల్ నుంచి వచ్చిన కుటుంబాల్లో కొన్ని తెగల్లో క్రైస్తవులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. రంగు ఒకటే, ఇంటిపేరు ఒకటే, దేశం ఒకటే. అలాంటి ఇద్దరు కల్పిత అమ్మాయిల పేర్లతో ఉద్యోగ దరఖాస్తులు పంపారు. ఒకరు మారీ దియుఫ్, ఇంకొకరు ఖదీజా దియుఫ్. చదువు, అనుభవం అన్నీ సమానం. తేడా అంతా పేరు, గతంలో పనిచేసిన సేవా సంస్థ కాథలిక్కా, ఇస్లామికా అన్నదే. 2010లో ఫలితాలు వచ్చాయి. ఇంటర్వ్యూకి రమ్మని మారీకి వచ్చిన పిలుపులు, ఖదీజాకి వచ్చినవాటికి దాదాపు రెండున్నర రెట్లు. ఇద్దరూ నల్లవాళ్లే. అంటే మతానికి తనదైన బరువు ఉంది, అది రంగు నీడ మాత్రమే కాదు.

అలాగని రంగును పక్కన పెట్టేయడానికీ లేదు. అమెరికా ముస్లింలలో దాదాపు ఐదో వంతు నల్లవాళ్లని 2017లో ప్యూ రీసెర్చ్ సెంటర్ సర్వే తేల్చింది. బానిసలుగా పట్టుకొచ్చిన పశ్చిమ ఆఫ్రికావాళ్లలోనే ముస్లింలున్నారు, అంటే ఆ దేశం పుట్టకముందు నుంచీ ఇస్లాం ఆ నేల మీద ఉంది. అయినా టీవీలో ముస్లిం అనగానే గోధుమరంగు ముఖం, గడ్డమే వస్తాయి. ఇటు నుంచి చూస్తే ఇంకా విచిత్రం. ఒక తెల్ల అమెరికన్ అమ్మాయి ఇస్లాంలోకి మారి తలకు స్కార్ఫ్ కట్టిందనుకోండి, నిన్నటిదాకా ఎవరూ అడగని ప్రశ్న ఎదురవుతుంది: మీది ఏ దేశం? గుడ్డ ముక్క ఆమె తెలుపును కొంత తుడిచేసింది. దేవుణ్ని నమ్మడం ఎప్పుడో మానేసిన ఒక మహమ్మద్ ఎయిర్‌పోర్టులో పక్కకు జరిగి నిలబడాల్సి వచ్చినప్పుడు, సార్ నేను నాస్తికుణ్ని అంటే లైను ముందుకు కదలదు.

మతం మార్చుకోవచ్చు, జాతి మార్చుకోలేం అంటారు. కాగితం మీద నిజమే. కానీ మతాన్ని పేరులో, వంటి మీద, పుట్టిన దేశంలో చదివేటప్పుడు మార్చుకునే వీలు ఎక్కడుంది? 2002లో అమెరికా ప్రభుత్వం కొన్ని దేశాల మగవాళ్లను ప్రత్యేకంగా నమోదు చేయించుకోమంది. ఆ జాబితాలో 25 దేశాలు. ఉత్తర కొరియా తప్ప మిగతా 24 ముస్లింలు ఎక్కువగా ఉన్నవే. చట్టంలో మతం అనే మాట ఎక్కడా లేదు, అవసరం పడలేదు.

కోర్టులు పడ్డ తంటాలు

చట్టానికి గడులు కావాలి. ఇది జాతి గడి, అది మతం గడి. మనుషులు ఆ గడుల్లో ఇమడనప్పుడు విడ్డూరమైన తీర్పులొస్తాయి.

బ్రిటన్‌లో 1976 నాటి చట్టం జాతి వివక్షను నిషేధించింది, మత వివక్ష ఊసెత్తలేదు. బర్మింగ్‌హామ్‌లో ఒక స్కూలు తలపాగా తీస్తేనే చేర్చుకుంటామని సిక్కు పిల్లాడికి చెప్పింది. కింది కోర్టు సిక్కులది మతమే గానీ జాతి కాదంది. 1983లో మాండ్లా కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు) దాన్ని కొట్టేసింది. ఉమ్మడి చరిత్ర, తమదైన సంప్రదాయాలు ఉన్నాయి కాబట్టి చట్టం ప్రకారం సిక్కులు ఒక జాతి సమూహమే అంది. యూదులకీ ఆ రక్షణ ఉంది. ముస్లింలకు లేదు! మీలో పాకిస్తానీలు, అరబ్బులు, సోమాలీలు అందరూ ఉన్నారు, మీరు ఒక జాతి ఎలా అవుతారు అన్నారు. అలా ఇరవై ఏళ్లపాటు ఒకే వీధిలో ఒకే బూతు తిన్న ఇద్దరిలో సిక్కుకు కోర్టు తలుపు తెరిచి ఉండేది, ముస్లింకు మూసి ఉండేది. ఉద్యోగాల్లో మత వివక్షపై నిబంధనలు 2003 చివర్లో గానీ రాలేదు.

అమెరికాలో 1987 మే 18న రెండు తీర్పులు ఒకేరోజు వచ్చాయి. ఒకటి తన గోడల మీద ద్వేషపు రాతలు రాశారని మేరీలాండ్‌లోని యూదుల ప్రార్థనా మందిరం వేసింది. ఇంకోటి ఇరాక్‌లో పుట్టిన ముస్లిం ప్రొఫెసర్‌ది. ఇద్దరూ 1866 నాటి జాతి వివక్ష చట్టం కింద రక్షణ అడిగారు. యూదులూ అరబ్బులూ తెల్లవాళ్లే కదా అని ఎదుటిపక్షం. సుప్రీంకోర్టు 1800లలోని నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు తిరగేసింది. ఇవాళ వాళ్లను వేరే జాతి అనకపోవచ్చు, చట్టం రాసిన రోజుల్లో అనేవాళ్లు, కాబట్టి రక్షణ ఉంటుంది అని తేల్చింది. పాత కాలపు తప్పుడు లెక్కే ఈనాటి న్యాయానికి ఆధారమైంది. నాకు ఈ తీర్పు చదివినప్పుడల్లా ముచ్చటా వేస్తుంది, చిరాకూ వేస్తుంది.

‘నేను ముస్లింను కాదు’

2001 సెప్టెంబర్ 15. ట్విన్ టవర్లు కూలి నాలుగు రోజులు. ఆరిజోనా రాష్ట్రం మీసాలో తన పెట్రోల్ బంకు ముందు నిలబడ్డ ఒక సిక్కు యజమానిని కాల్చి చంపారు. 2012 ఆగస్టు 5న విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాలో ఒక తెల్ల ఆధిపత్యవాది చొరబడి ఆరుగుర్ని చంపాడు. ఏడో మనిషి ఏళ్ల తరబడి మంచంలోనే ఉండి 2020లో పోయారు. ఆ కాల్పుల నాటికి ఎఫ్‌బీఐ ద్వేషపూరిత నేరాల పత్రంలో సిక్కులకు గడే లేదు. 2013లో సిక్కులు, హిందువులు, అరబ్బులపై నేరాలను విడిగా లెక్కిస్తామని ఒప్పుకున్నారు, లెక్క 2015 నుంచి మొదలైంది. మూడు పేర్లూ చూడండి: రెండు మతాలు, ఒక జాతి. గడుల తంటా మళ్లీ అదే.

ఇలాంటి దాడి జరిగిన ప్రతిసారీ ఒక టెన్షన్ మొదలవుతుంది. మేం వాళ్లం కాదు అని చెప్పాలా వద్దా? చెబితే ప్రాణానికి కాస్త రక్షణేమో. భయపడ్డవాళ్లు చెప్పుకుంటే తప్పు పట్టే ధైర్యం నాకు లేదు. కానీ ఆ వాక్యాన్ని పూర్తి చేసి చూడండి: నేను ముస్లింను కాదు, కాబట్టి నన్ను కొట్టకండి. రెండో సగం పైకి అనకపోయినా వినబడుతుంది. చాలామంది సిక్కు యువతీయువకులు 2001 తర్వాత ఆ మాట అనడానికి ఒప్పుకోకపోవడానికి కారణం అదే. వాళ్లకు దాని ఖరీదు తెలుసు, అయినా ఒప్పుకోలేదు.

పోనీ చెప్పుకుంటే పనిచేస్తుందా? 1987లో న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో ‘డాట్‌బస్టర్స్’ అని పేరు పెట్టుకున్న కుర్రాళ్లు భారతీయులను వెళ్లగొడతామని పత్రికకు ఉత్తరం రాశారు. డాట్ అంటే బొట్టు. ఆ గుర్తు హిందూ ఆడవాళ్లది. ఆ రోజుల్లోనే పక్క ఊరు హోబోకెన్‌లో కొందరు కుర్రాళ్లు కొట్టి చంపిన యువకుడు పార్శీ. జొరాస్ట్రియన్ మతస్తుడు, నుదుట బొట్టు ఉండే ప్రశ్నే లేదు. ఆ దాడికీ ఆ ముఠాకీ నేరుగా సంబంధం ఉందని కోర్టులో తేలలేదు. కానీ ఆ ఏడాది అక్కడ బతికిన భారతీయుల్లో ఎవరికీ ఆ తేడాతో పని లేకపోయింది. తలుపు గడియ అందరూ పెట్టుకున్నారు.

లోపలి నుంచి చూస్తే

ఇదంతా బయటివాళ్ల చూపు. లోపలివాళ్లు కూడా ఊరికే కూర్చోలేదు. 1970 జనగణనలో భారతీయులను తెల్లవాళ్ల కిందే లెక్కేశారు. మాకు వేరే గడి కావాలని భారతీయ సంఘాలు పట్టుబట్టాక 1980లో ‘ఏషియన్ ఇండియన్’ వచ్చింది. మైనారిటీ అనిపించుకోవడం ఎందుకు, తెలుపులో కలిసిపోతే పోలా అని అప్పట్లో వాదించినవాళ్లూ మనలో ఉన్నారు. ఇరాన్, అరబ్ దేశాలవాళ్లకు తెలుపు నుంచి వేరే గడి ఇవ్వాలని 2024 మార్చిలో గానీ నిర్ణయం కాలేదు.

జాతి గురించి ఇంట్లో మాట్లాడటం మనవాళ్లకు పెద్దగా అలవాటు లేదు. దాని బదులు మతం, సంస్కృతి అంటారు. అది మర్యాదగా ఉంటుంది, అమెరికాకీ అర్థమవుతుంది. అక్కడ ఆదివారం ప్రతివాడికీ వెళ్లడానికి ఒక చోటు ఉండాలి. 1970ల్లో తిరుమల తిరుపతి దేవస్థానం సాయంతో పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి గుడి లేచింది, తర్వాత ఊరూరా గుళ్లు. భక్తి ఒక్కటే అయితే ఇంట్లో దేవుడి గూడు చాలు. గుళ్లో భాష ఉంది, పెళ్లి సంబంధాలున్నాయి, పార్కింగ్ లాట్ కబుర్లున్నాయి. వారమంతా ఎవరి కళ్లకో వింతగా కనబడ్డ మనిషి ఆ రెండు గంటలూ మామూలు మనిషిగా నిలబడతాడు. జాతి చేసిన గాయానికి మతం కట్టు కట్టడం అంటే ఇదే. చిక్కేమిటంటే ఆ కట్టు మీద కూడా మతం పేరే రాసి ఉంటుంది. అక్కడ పెరిగిన పిల్లలు తమ రంగు మీద పడ్డ వెక్కిరింతకు కూడా మతం భాషలోనే జవాబు వెతుక్కుంటారు. క్లాసులో ఎవడో ఆవు గురించి అడుగుతాడు, ఇంటికొచ్చి అమ్మను అడుగుతారు, అమ్మ తనకే సరిగా తెలియని ధర్మశాస్త్రం చెబుతుంది. ఆ పిల్లాడు అడిగింది ఆవు గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

అమెరికా భారతీయుల్లో హిందువులు సుమారు సగం. మిగతావాళ్లలో క్రైస్తవులు తక్కువేం కాదు, తెలుగు క్రైస్తవులూ వాళ్లలో ఉన్నారు. లెక్క ప్రకారం వీళ్లు అక్కడ మైనారిటీ మతస్తులే కాదు. పాటలు తెలుసు, బైబిలు తెలుసు, డిసెంబర్ సెలవు వాళ్లదే. మతం ఒక్కటే అడ్డయితే వీళ్లకు దారి పూర్తిగా తెరిచి ఉండాలి. చర్చిలో కాఫీ తాగుతుంటే ఎదురయ్యే మొదటి ప్రశ్న మాత్రం: మీరెప్పుడు మారారు? తాత ముత్తాతల నుంచీ మేం ఇంతే అంటే నమ్మరు. ఆ ముఖానికి ఆ మతం అతకలేదు వాళ్ల కంట్లో.

ఓలేత్‌లో ఆ సాయంత్రం ఆ బల్ల దగ్గర ఇద్దరు తెలుగు క్రైస్తవులు కూర్చుని ఉంటే ఏం జరిగేది అని ఒకసారి అనుకున్నాను. కాల్చినవాడు వాళ్లను అడిగినట్టు బయటికొచ్చిన ప్రశ్నలు దేశం గురించీ, వీసా గురించీ. మీ దేవుడెవరని అడిగినట్టు ఎక్కడా లేదు.